మొక్కల ఇంటిపేర్లు: గడ్డి కాని గడ్డి

బాలలూ! పోయిన నెల ఈ శీర్షికలో చిక్కుడువారి కుటుంబాన్ని చూశాం. సీతాకోకచిలుక లాంటి పువ్వు, రెండు చెక్కలుగా విచ్చుకునే కాయ కనబడితే ఆ మొక్క చిక్కుడువారి ఇంటిదేనని గుర్తుపట్టడం నేర్చుకున్నాం. అది తేలికైన పని. చిక్కుడు పువ్వు దూరం నుంచే కంటికి ఆనుతుంది. ఈ నెల కాస్త కష్టమైన వాళ్ళ ఇళ్ళకు పోదాం. వీళ్ళ పువ్వులకు రంగు లేదు, వాసన లేదు, తేనె లేదు. ఆకులన్నీ పచ్చగా, సన్నగా, పొడుగ్గా ఒకే అచ్చులో పోసినట్టుంటవి. అందుకే అందరినీ కలిపి మనం ఒకే మాట అనేసి ఊరుకుంటాం: గడ్డి!

తణుకు నుంచి ఏడవ తరగతి చదివే అమ్మాయి ఒకతె మాకు ఒక కవరు పంపింది. దానిలో పాత వార్తాపత్రిక మడతల మధ్య ఎండబెట్టిన మూడు మొక్కలున్నవి. వరిచేలో కలుపు తీసి గట్టు మీద పోసిన కుప్పలోనుంచి ఏరిందట. ఒక్కొక్కదానికి దారం కట్టి 1, 2, 3 అని అంకెలు వేసింది. "మా అన్నయ్యను అడిగితే మూడూ గడ్డే, వెళ్ళి లెక్కలు చేసుకో అంటున్నాడు. మూడూ ఒకటేనాండీ?" అని రాసింది.

అమ్మాయీ, మూడూ ఒకటి కావు. ఒకటి అసలు గడ్డే కాదు. ఒకటి నిజంగా గడ్డి, కలుపు కూడాను. మూడవదానిని చూసి మాకు అయ్యో అనిపించింది. అదేమిటో తరువాత చెబుతాను. ముందు మొదటిదానిని చూద్దాం.

మొదటి మొక్క కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించి చూశాను. అది సాఫీగా దొర్లలేదు. ఎండిపోయి ఉన్నా అంచులు వేలికి తగిలినవి. బ్లేడుతో అడ్డంగా కోసి చూస్తే కోసిన చోట మూడు మూలలున్నవి. లోపల బోలు లేదు, తెల్లని బెండు నిండా ఉన్నది. కింద మొదలు నుంచి పైన పూత దాకా కాడ మీద ఒక్క కణుపు కూడా లేదు. ఇదే తుంగ.

తుంగను మనం "తుంగగడ్డి" అంటాం గాని, దాని కుటుంబం వేరు. ఆ ఇంట్లో సుమారు 5,500 జాతులున్నవి. వాళ్ళ ఇంటి గుర్తులు చెబుతాను, పచ్చి తుంగ మొక్కను చేత్తో పట్టుకుని చదవండి. కాడ మూడు పలకలు. కణుపులు లేవు. మొక్కను పై నుంచి కిందికి చూస్తే ఆకులు మూడు వరుసల్లో మూడు దిక్కులకు పోతున్నవి. ఆకు అడుగుభాగం కాడకు తొడుగులా చుట్టుకుని ఉంటుంది గదా, ఆ తొడుగుకు చీలిక లేదు. చొక్కా చేతిలాగా చుట్టూ అతుక్కుని గొట్టంలా ఉంటుంది. అయితే ఒక చిక్కు ఉన్నది. తుంగవారి ఇంట్లోనే కొన్ని జాతులకు కాడ దాదాపు గుండ్రంగా ఉంటుంది. కనుక మూడు పలకలు కనబడలేదని వెంటనే తుంగ కాదనకండి. కణుపు ఉన్నదా లేదా చూడండి, తొడుగు చీలిందా లేదా చూడండి. ఒక్క గుర్తును నమ్మి తీర్పు చెప్పకూడదు. ఈ మాట ఎందుకంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కాడకు కణుపులు లేకపోవడం చిన్న సంగతిగా కనబడవచ్చు. కాని మీ ఇంట్లో తుంగచాప ఉంటే దాని మీద కూర్చుని ఆలోచించండి. చాప అల్లాలంటే పొడుగాటి పుల్లలు కావాలి, మధ్యలో ముడులు ఉండకూడదు. కణుపులున్న కాడను నిలువునా చీలిస్తే కణుపు దగ్గర చీలిక పక్కదారి పడుతుంది. తుంగకాడకు ఆ అడ్డంకి లేదు. మొదలు నుంచి చివర దాకా ఒకే తీరుగా చీలుతుంది. చాపలవాళ్ళకు తుంగ నచ్చింది అందుకే. దూరాన ఈజిప్టు దేశంలో, వేల ఏళ్ళ క్రిందట, ఇదే సంగతి అక్కడివాళ్ళూ కనిపెట్టారు. నైలు నది ఒడ్డున మనిషి కంటే ఎత్తుగా పెరిగే పెద్ద తుంగ ఒకటున్నది. దాని పేరు పపైరస్. దాని కాడలోని బెండును పలుచని పట్టీలుగా కోసి, ఒక వరుస నిలువుగా, దాని మీద ఒక వరుస అడ్డంగా పరచి, గట్టిగా అదిమి ఆరబెట్టి కాగితం లాంటిది చేసుకున్నారు. ఇంగ్లీషులో కాగితాన్ని పేపరు అంటారు గదా, ఆ మాట ఈ తుంగ పేరులోనుంచే వచ్చింది.

ఇక రెండవ మొక్క, మూడవ మొక్క. రెండూ వేళ్ళ మధ్య గుండ్రంగా దొర్లినవి. రెండింటి కాడల మీదా కణుపులున్నవి. కణుపుకూ కణుపుకూ మధ్య కోస్తే లోపల బోలు. ఆకులు రెండే వరుసలు, ఒకటి ఇటు, ఒకటి అటు. తొడుగు మీద గోరు పెట్టి చూస్తే ముందువైపు పైనుంచి కింది దాకా తెరుచుకుని ఉన్నది, ధోవతి అంచులాగా ఒక అంచు మీద ఇంకొక అంచు వాలి ఉన్నది. ఇవి నిజమైన గడ్డివారు. లోకంలో సుమారు 12 వేల జాతులున్న పెద్ద కుటుంబం. మనం తినే అన్నం ఆ ఇంటిది. గోధుమ, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న ఆ ఇంటివే. చెరకు ఆ ఇంటిదే. వినాయకచవితి నాడు పత్రిలో పెట్టే గరిక ఆ ఇంటిదే. వేసవిలో తడికలు కట్టే వట్టివేరు, టీలో వేసుకునే నిమ్మగడ్డి కూడా. అన్నిటికంటె వింత, వెదురు! తాటిచెట్టంత పెరిగినా సరే, కణుపులు చూడండి, బోలు చూడండి, అదీ గడ్డే.

చెరకునూ మొక్కజొన్ననూ కోసి చూసి "లోపల బోలు లేదేమండీ?" అని మీరు నన్ను పట్టుకుంటారని నాకు తెలుసు. నిజమే, వాటికి బోలు లేదు, లోపల గుజ్జు నిండి ఉన్నది. కాని కణుపులున్నవి, రెండు వరుసల ఆకులున్నవి, చీలిన తొడుగున్నది. నాలుగు గుర్తుల్లో మూడు ఉన్నవి. ఇంటివాళ్ళే.

ఒక్క గుర్తునే నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి గొప్ప ఉదాహరణ ఒకటున్నది. స్వీడన్ దేశపు లిన్నేయస్ మహా మేధావి. ఇప్పుడు మనం మొక్కలకు పెట్టుకునే రెండు మాటల లాటిన్ పేర్ల పద్ధతిని స్థిరపరచినవాడు ఆయనే. 1753లో ఆయన అచ్చువేసిన గ్రంథంలో మొక్కలన్నింటినీ ముఖ్యంగా పువ్వులోని కేసరాల లెక్కను బట్టి తరగతులు చేశాడు. కేసరాలంటే పుప్పొడి ఉండే పోగులు. గోధుమకు కేసరాలు మూడు. కనుక గోధుమ మూడు కేసరాల తరగతిలో చేరింది. తుంగకూ మూడే, కనుక తుంగ కూడా అదే తరగతిలో వచ్చి కూర్చున్నది. పాపం, వరికి ఆరు! అందుచేత వరి వెళ్ళి ఆరు కేసరాల తరగతిలో పడింది. మొక్కజొన్నకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. అది ఇంకొక తరగతికి పోయింది. సొంత అక్కచెల్లెళ్ళు మూడు ఊళ్ళకు చెదిరిపోయినట్టయింది. ఇది లెక్క కోసం చేసిన ఏర్పాటే గాని అసలు చుట్టరికం కాదని లిన్నేయస్‌కూ తెలుసు. తరువాత 1789లో పారిస్ నగరంలో జుస్సియూ అనే శాస్త్రజ్ఞుడు ఒక్క గుర్తును గాక అనేక గుర్తులను కలిపి చూసి, మొక్కలను కుటుంబాలుగా ఏర్పరచి గ్రంథం రాశాడు. మనం ఈ శీర్షికలో చేస్తున్నది ఆయన బాటలో నడవడమే.

వరికి ఆరు కేసరాలున్నవో లేవో లిన్నేయస్ మాట మీద నమ్మనక్కరలేదు. చేను ఈని, వెన్నులు బయటికి వచ్చిన రోజుల్లో, ఎండ కాస్తూ ఉండగా ఉదయం పది గంటల ప్రాంతంలో చేలోకి వెళ్ళండి. గింజ కాబోయే చిన్న పొట్టు నోరు తెరుచుకుని ఉంటుంది. దాని అంచున పసుపురంగు పోగులు వేలాడుతుంటవి. లెక్కపెట్టండి. కాసేపటికి ఆ నోరు మళ్ళీ మూసుకుంటుంది. ఆలస్యంగా లేచేవాళ్ళకు వరి పువ్వు కనబడదు!

సరే, రెండవది, మూడవది రెండూ గడ్డివారేనని తేలింది. మరి ఒకటేనా? ఇక్కడే మన తణుకు అమ్మాయి కవరు మాకు పని పెట్టింది. రెండూ ఒకే ఎత్తు, ఒకే రంగు. వెన్ను ఇంకా రాలేదు. ఆకులు పక్కపక్కన పెడితే కవల పిల్లల్లాగా ఉన్నవి. అప్పుడు ఆకు, తొడుగు కలిసే చోటును భూతద్దంతో చూశాను.

మూడవ మొక్కకు ఆ మూలలో, కాడను ఆనుకుని, ఉల్లిపొరలాంటి తెల్లని పలుచని పొర ఒకటి నిలబడి ఉన్నది. చివర రెండుగా చీలి ఉన్నది. దానిని నాలుక అంటారు. దాని రెండు పక్కలా కొడవలిలాగా వంగిన చిన్న కొనలు, వాటి మీద నూగు. వాటిని చెవులంటారు. రెండవ మొక్కకు నాలుకా లేదు, చెవులూ లేవు. ఆకు, తొడుగు కలిసే చోటు నున్నగా ఉన్నది.

నాలుకా చెవులూ లేనిది ఊద. నాలుకా చెవులూ ఉన్నది వరి. అంటే, పిల్లలూ, గట్టు మీద కలుపు కుప్పలో పడి ఎండిపోయిన ఆ మూడవ మొక్క కలుపు కాదు, వరిమొక్కే! ఊద అనుకుని ఎవరో పీకిపారేశారు.

ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. సార్వాలో మోకాలిలోతు బురదలో నడుం వంచి, వానలో తడుస్తూ ఎకరాలకు ఎకరాలు కలుపు తీసేవాళ్ళు ప్రతి ఆకునూ భూతద్దంతో చూడలేరు గదా. అయినా వాళ్ళు ఎన్ని వేల మొక్కలు సరిగ్గా పోల్చుకుంటారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఎప్పుడైనా సెలవులకు పల్లెకు వెళితే, కలుపు తీసే ఆడవాళ్ళను "ఇది వరో ఊదో ఎలా తెలుస్తుందండీ?" అని అడిగి చూడండి. ఆకు మధ్య ఈనె సంగతి, మొదట్లో ఎరుపు చాయ సంగతి, చేతికి తగిలే నునుపు సంగతి చెబుతారు. పుస్తకాల్లో లేని గుర్తులు కూడా చెబుతారు. రాసుకోండి.

ఊద వరిని ఇంతగా పోలి ఉండటానికి కారణం ఏమిటో తెలుసా? మనుషులమే! ఇది కథలాగా ఉంటుంది గాని నిజం. పూర్వం ఊద మొక్కలు కొన్ని పక్కలకు వాలి, మొదట్లో ఎర్రగా పెరిగేవి, కొన్ని నిటారుగా, పచ్చగా పెరిగేవి. వరిచేలో కలుపు తీసేవాళ్ళు మొదటి రకాన్ని చూడగానే పీకేశారు. వరిలాగా నిలబడిన రకం వాళ్ళ కన్నుగప్పి మిగిలిపోయింది, గింజలు రాల్చింది. మరుసటి ఏడు ఆ గింజలే మొలిచినవి. మళ్ళీ వాటిలో వరిని తక్కువగా పోలినవాటిని పీకారు, ఎక్కువగా పోలినవి మిగిలినవి. ఇట్లా ఏటేటా, తరాల తరబడి, మనిషి చేయే ఊదకు వరి వేషం కట్టింది. ఈ రకం అనుకరణకు వవిలోవ్ అనే రష్యా దేశపు శాస్త్రజ్ఞుని పేరు పెట్టారు. చైనా శాస్త్రజ్ఞులు యాంగ్‌ట్జీ నదీ ప్రాంతపు ఊద మొక్కల జన్యువులను పరిశీలించి, అక్కడ ఈ వేషగాళ్ళు సుమారు వెయ్యేళ్ళ క్రిందట మామూలు ఊద నుంచి విడిపోయినట్టు 2019లో ప్రకటించారు. నిలబడే తీరు మారింది, రంగు మారింది. నాలుక మాత్రం రాలేదు. మడిలో వంగి పనిచేసేవాళ్ళు నాలుక దాకా చూడలేదు గనుక, దానిని తెచ్చుకోవలసిన అవసరం ఊదకు కలగలేదు.

అన్నట్టు, ఊదను మరీ తిట్టకండి. దాని చుట్టాలైన ఊదలను చిరుధాన్యంగా పండించి వండుకునేవాళ్ళున్నారు. మీ అమ్మమ్మగారిని అడిగితే ఊదల అన్నం సంగతి చెప్పవచ్చు.

చేలో మాత్రం అది దొంగే. వరికి వేసిన ఎరువు తింటుంది, వరికి పెట్టిన నీరు తాగుతుంది, వరి కంటే ముందు గింజ రాల్చి మరుసటి పంటకు సిద్ధమవుతుంది. 1977లో కొందరు శాస్త్రజ్ఞులు లోకంలోని అతి చెడ్డ కలుపు మొక్కలను వరస పెట్టి ఒక గ్రంథం ప్రకటించారు. ఆ వరసలో మొదటిది తుంగ, రెండవది గరిక, మూడవది ఊద! మూడూ మన చేలగట్ల మీద దొరికేవే. తుంగకు మొదటి స్థానం ఎందుకు వచ్చిందో పీకి చూస్తే తెలుస్తుంది. పైన ఆకులు చేతికి వస్తవి. కింద మట్టిలో గొలుసులాగా ఉన్న గడ్డలు అక్కడే ఉండిపోతవి. కొద్ది రోజులకు ఒక్కొక్క గడ్డా ఒక్కొక్క మొక్క అవుతుంది. ఆ గడ్డలే ఎండబెడితే ఆయుర్వేదం కొట్లో అమ్మే సువాసనగల తుంగముస్తలు.

ఇంటిపేరు తెలియకపోతే ఇక్కడ డబ్బు కూడా పోతుంది. కలుపు మందులు కుటుంబాన్ని చూసి పనిచేస్తవి. ఉదాహరణకు 2, 4-డి అనే మందు వెడల్పాటి ఆకుల మొక్కలను చంపుతుంది, ఏటా గింజ నుంచి మొలిచే తుంగ జాతులను కూడా అణచుతుంది. గడ్డివారి జోలికి మాత్రం పెద్దగా పోదు. అందుకే వరిచేలో చల్లినా వరి బతుకుతుంది. కాని ఊద కూడా గడ్డివారిదే గదా! అదీ బతుకుతుంది. చేలో ఉన్నది ఊదో తుంగో చూడకుండా మందు కొన్న రైతుకు మందు ఖర్చు దండుగ, కలుపు కలుపే. (మందు డబ్బాల దగ్గరికి పిల్లలు పోకూడదు. ఆ పని పెద్దవాళ్ళది.)

తణుకు పేరు చెప్పుకుని చెరకు సంగతి చెప్పకపోతే బాగుండదు. ఆ ఊళ్ళో 1947లో ఆంధ్రా షుగర్స్ సంస్థ ఏర్పడింది. చెరకును పెంచేవాళ్ళెవరినైనా "రెల్లుకూ చెరకుకూ ఏమవుతుంది?" అని అడగండి. గోదావరి లంకల్లో, ఏటి ఒడ్డున, వానలు వెనకబట్టాక తెల్లని చామరాల్లాగా పూసే రెల్లు చెరకుకు చాలా దగ్గరి చుట్టం. రెండింటి కాడలనూ పక్కపక్కన పెట్టి చూడండి. అవే కణుపులు, కణుపు దగ్గర అవే మొగ్గలు. చెరకు కణుపు మీది మొగ్గను రైతులు కన్ను అంటారు, మూడు కళ్ళ ముచ్చెలు నాటుతారు. రెల్లు చెరకుకు పేదింటి తమ్ముడు. దానిలో తీపి బహు తక్కువ, పుల్ల సన్నం. కాని చలికి చావదు, నీళ్ళు నిలిచినా చావదు, తెగుళ్ళకు అంత తేలికగా లొంగదు.

1912లో కోయంబత్తూరులో చెరకు పరిశోధన కేంద్రం ఏర్పడింది. అక్కడ బార్బర్, టి. ఎస్. వెంకట్రామన్ అనే శాస్త్రజ్ఞులు తీపి చెరకునూ ఈ రెల్లునూ కలిపి సంకరం చేశారు. ఆ కలయిక నుంచి వచ్చిన కో 205 అనే రకం 1918లో రైతులకు అందింది. "కో" అంటే కోయంబత్తూరు. ఆ తరువాత ఇట్లాంటి రకాలు ఎన్నో వచ్చినవి. ఇప్పుడు లోకంలో సాగయ్యే చెరకు రకాల్లో దాదాపు అన్నిటిలోనూ రెల్లు అంశ కొంత ఉన్నది. మీరు కాఫీలో వేసుకునే పంచదార వెనక ఏటి ఒడ్డు రెల్లు ఉన్నదన్నమాట! అవి ఒకే ఇంటివి గనుకనే ఆ పెళ్ళి కుదిరింది. చూపుకు రెల్లును పోలి ఉన్నది గదా అని తుంగను తెచ్చి చెరకుతో కలపబోతే కుదరదు.

ఇప్పటిదాకా చేలగట్ల మీదనే తిరిగాం. ఏలూరుకు దక్షిణాన కొల్లేరున్నది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఈ మంచినీటి సరస్సును 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. పడవలో పోతుంటే రెండు పక్కలా మనిషెత్తు పచ్చని పొదలు కనబడతవి. పడవ మీద నుంచి అంతా ఒకటే గడ్డి. దగ్గరికి పోతే మూడు ఇళ్ళవాళ్ళు!

ఒకటి కిక్కిస. కాడ గుండ్రం, గట్టి కణుపులు, లోపల బోలు, పైన కుచ్చులాంటి వెన్ను. ఇక చెప్పనక్కరలేదు, గడ్డివారే. రెండవది పెద్ద తుంగలు. వేలితో దొర్లించండి, కణుపు కోసం వెతకండి. మూడవది ఒకటున్నది. దానికి పైకి వచ్చే కాడ మీద కణుపులు కనబడవు, మూడు పలకలూ లేవు. ఆకులు మొదట్లోనుంచే లేచి నిటారుగా బెత్తాల్లాగా నిలబడతవి. ఆకును అడ్డంగా కోస్తే లోపల చిన్న చిన్న గాలి గదులు, స్పంజిలాగా మెత్తన. కాడ చివర గోధుమరంగు కండె, ఆవిరికుడుము పొడుగ్గా చేసి పుల్లకు గుచ్చినట్టుంటుంది. ఆ కండె నిండా ఆడపూలే. దాని పైన సన్నగా ఉండే భాగంలో మగపూలు. పుప్పొడి రాలిపోయాక మగభాగం ఎండిపోతుంది. కండె ముదిరి విచ్చుకుంటే దూదిలాంటి నూగు గాలికి లేచిపోతుంది, ఒక్కొక్క నూగు కుచ్చుకు ఒక్కొక్క సన్నని గింజ. ఇది జమ్ము. ఇది గడ్డీ కాదు, తుంగా కాదు. దీని కుటుంబం వేరు, చాలా చిన్న కుటుంబం. అయినా గడ్డి, తుంగ, జమ్ము మూడు కుటుంబాలూ దూరపు దాయాదులే. మూడింటికీ పుప్పొడిని మోసుకుపోయేది ముఖ్యంగా గాలే. గాలికి రంగుతో, వాసనతో పని లేదు. వీళ్ళ పువ్వులు అంత సాదాగా ఉండటానికి కారణం అదే.

పచ్చిగడ్డి ఆకు అంచును వేళ్ళతో గట్టిగా లాగవద్దు. దానిలో ఇసుకకు సంబంధించిన పదార్థం ఉంటుంది, చెయ్యి కోసుకుంటుంది. బ్లేడు పని పెద్దవాళ్ళ చేత చేయించుకోండి. చెరువు గట్లకూ కొల్లేటికీ ఒంటరిగా పోవద్దు. పురుగూ పుట్రా ఉంటవి.

వచ్చే నెల కొల్లేటి నీళ్ళలోకే దిగుదాం. తామర, కలువ అక్కచెల్లెళ్ళని చాలా కాలం శాస్త్రజ్ఞులు కూడా అనుకున్నారు. ఈలోగా మీకు దగ్గరలో చెరువుంటే తామరాకు ఒకటి, కలువాకు ఒకటి తెప్పించుకుని, కాడ ఆకును ఎక్కడ అంటుకుని ఉన్నదో, ఆకుకు చీలిక ఉన్నదో లేదో చూసి, బొమ్మ గీసి మాకు పంపండి.